ప్రష్యన్ కెప్టెన్ తుర్కీ లేఖలు: సాక్ష్యమూ, తీర్పూ

వినవచ్చిన వార్తను విచారించి, నిజం తేల్చుకున్న తర్వాతనే దానిపై చర్య తీసుకోవాలని ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మనల్ని ఆదేశిస్తుంది. ఈ ఆదేశాన్ని మనం సాధారణంగా ఇరుగుపొరుగు మాటలకు, కుటుంబ తగాదాలకు మాత్రమే వర్తింపజేసుకుంటాం. చరిత్ర గ్రంథం కూడా ఒక వార్తేనన్న సంగతి మరచిపోతాం. ఒక జాతి ఎందుకు ఓడిపోయింది, ఒక సామ్రాజ్యం ఎందుకు క్షీణించింది అని చెప్పే రచయిత మనకు ఒక వార్తనే తెస్తున్నాడు. అందులో అతడు కళ్ళారా చూసినదెంత, విన్నదెంత, తనకు తానుగా నిర్ణయించుకొన్నదెంత అని వేరుచేసి చూడవలసిన బాధ్యత పాఠకునిదే.

పంతొమ్మిదవ శతాబ్దపు ఉస్మానియా సామ్రాజ్యాన్ని గురించి ఇలాంటి వార్త ఒకటి బహుళ ప్రచారం పొందింది. 1839లో నిజీబ్ యుద్ధంలో తుర్కీ సైన్యం ఓడిపోవడానికి కారణమేమిటి? సేనాపతి తన ప్రష్యన్ సలహాదారు మాటను కాదని ముల్లాల జోస్యాలకు చెవియొగ్గాడట! ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1911 నాటి ముద్రణలో సైతం ఈ కథనమే కనిపిస్తుంది. ఆ సలహాదారు పేరు హెల్ముట్ ఫాన్ మోల్ట్కే. ఆయన తుర్కీ నుంచి రాసిన లేఖలు 1841లో బెర్లిన్‌లో గ్రంథరూపం దాల్చాయి. ప్రసిద్ధ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ రిట్టర్ దానికి పీఠిక రాశాడు. ఆ లేఖలను సావధానంగా చదివితే, పైన చెప్పిన తీర్పుకు వ్యతిరేకంగా బలమైన సాక్ష్యం వాటిలోనే లభిస్తుంది. ఈ వ్యాసంలో చూపదలచినది అదే.

సేనాని జీవితం

మోల్ట్కే 1800 అక్టోబరు 26న ఉత్తర జర్మనీలోని పార్కిం పట్టణంలో జన్మించాడు. కుటుంబం పేరుకు కులీనమైనదేగాని సంపన్నమైనది కాదు. తండ్రి డెన్మార్క్ రాజుకు ప్రజగా మారడంతో కుమారుని విద్యాభ్యాసం కోపెన్‌హేగన్ సైనిక పాఠశాలలో జరిగింది. కొంతకాలం డేనిష్ సైన్యంలో పనిచేసి, 1822లో ప్రష్యన్ సైన్యంలో చేరాడు. బెర్లిన్ యుద్ధ విద్యాలయంలో ఆయన చదువుకొన్న రోజుల్లో దాని అధిపతి, యుద్ధ శాస్త్రంలో పేరుమోసిన క్లాజెవిట్జ్.

జీతం చాలేది కాదు. గుర్రం కొనుక్కోవడానికి డబ్బు కావలసి, గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్రను జర్మన్ భాషలోకి అనువదించడానికి ఒప్పుకొన్నాడు. పన్నెండు సంపుటాలలో తొమ్మిదింటిని పూర్తి చేశాడు. ప్రచురణకర్త మాత్రం పుస్తకం వెలువరించలేదు. అనుకొన్న పైకంలో మూడో వంతు చేతికి వచ్చిందంటారు. ఒక మహాసామ్రాజ్యం ఎలా కూలిందో నెలల తరబడి అక్షరం అక్షరం తర్జుమా చేసిన మనిషి, ఆ వెంటనే మరొక మహాసామ్రాజ్యపు రాజధానికి బయలుదేరాడు. క్షీణదశను వెదికే చూపు ఆయన వెంట ముందే వచ్చిందన్న మాట పాఠకులు గుర్తుంచుకోవాలి.

1835 నవంబరులో ఆయన సెలవుపై ఇస్తంబూల్ చేరాడు. అప్పుడాయన కెప్టెన్. నెలల్లో తిరిగి వెళ్ళవలసినవాడు నాలుగేళ్ళు ఉండిపోయాడు. సైన్యాధికారి ఖుస్రూ పాషా ఆయన ప్రతిభను గుర్తించాడు. సుల్తాన్ రెండవ మహ్మూద్ ఆయనను తన కొలువులో ఉంచమని ప్రష్యా రాజును కోరాడు. మోల్ట్కే తుర్కీ భాష నేర్చుకొన్నాడు. రాజధాని నగరాన్ని, బాస్ఫరస్, డార్డనెల్స్ జలసంధులను కొలిచి పటాలు గీశాడు. 1837లో సుల్తాన్ బల్గేరియా ప్రాంతంలో పర్యటించినప్పుడు వెంట వెళ్ళాడు. 1838లో ఆయనను అనటోలియాలోని హాఫిజ్ పాషా సైన్యానికి సలహాదారుగా పంపారు.

ఆ తర్వాతి జీవితం ప్రపంచానికి తెలిసినదే. 1857లో ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపత్యం ఆయనకు దక్కింది. 1864లో, ఒకనాడు తాను ఉప్పు తిన్న డెన్మార్క్‌పైనే యుద్ధం నడిపాడు. 1866 జూలై 3న కోనిగ్రెట్జ్ వద్ద ఆస్ట్రియాను, 1870 సెప్టెంబరులో సెడాన్ వద్ద ఫ్రాన్స్‌ను ఓడించిన వ్యూహం ఆయనదే. 1871లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. 1888 వరకు పదవిలో ఉండి, 1891 ఏప్రిల్ 24న బెర్లిన్‌లో మరణించాడు. ఇన్ని విజయాల సేనాని ప్రత్యక్షంగా పాల్గొన్న మొదటి పెద్ద యుద్ధం మాత్రం పరాజయం. అదే నిజీబ్.

లేఖల విలువ

ఈ లేఖలను ముస్లింలకు గిట్టనివాని రాతలుగా తోసిపుచ్చడం అన్యాయం. ఒక జాతిపై ఉన్న వైరం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని బోధించే ధర్మాన్ని అనుసరించేవారు అలా చేయరాదు. మోల్ట్కే చాలాచోట్ల న్యాయంగానే రాశాడు. తూర్పు దేశపు ఇళ్ళలోని బానిసత్వాన్ని రోమన్ల బానిసత్వంతోను, అమెరికా తోటల్లోని నీగ్రోల బానిసత్వంతోను ఒకే గాటన కట్టకూడదని ఆయన యూరప్ పాఠకులకు చెప్పాడు. ఈ మాటను మనం మనల్ని మనం సమర్థించుకోవడానికి వాడుకోకూడదు. బానిసత్వం ఎక్కడైనా బానిసత్వమే. అయినా, ఆనాటి యూరోపియన్లలో ఆ తేడా చూడగలిగినవారు తక్కువ.

అలాగే 1837 బల్గేరియా పర్యటనలో సుల్తాన్ తరఫున ప్రజలకు వినిపించిన ప్రకటన సారాంశాన్ని ఆయన నమోదు చేశాడు. గ్రీకులు, ఆర్మీనియన్లు, యూదులు కూడా ముస్లింల మాదిరే దేవుని దాసులని, తన ప్రజలని, మతాలు వేరైనా చట్టం అందరినీ కాపాడుతుందని సుల్తాన్ అభయమిచ్చాడు. 1839 నవంబరు 3న వెలువడిన గుల్‌ఖానా శాసనమే ఈ సమభావానికి నాంది అని, అదీ యూరప్ ఒత్తిడి వల్లనే వచ్చిందని అనుకొనేవారు ఈ లేఖను తప్పక చదవాలి. శాసనానికి రెండేళ్ళ ముందే ఆ మాట సుల్తాన్ నోట వచ్చిందనడానికి సాక్షి ఒక ప్రష్యన్ అధికారి.

భౌగోళిక వర్ణనలలో ఆయన దృష్టి మరీ నిశితమైనది. 1838లో దియార్‌బకర్ నుంచి మోసుల్ వరకు దజ్లా నదిపై ప్రయాణించాడు. గాలి నింపిన తోలుతిత్తులపై కట్టెలు కట్టి చేసిన ‘కెలెక్’ అనే తెప్పపై ఆ ప్రయాణం సాగింది. సైన్యానికి సామగ్రి చేరవేయడానికి పనికి వస్తుందేమోనని, సుడులతో పరుగెత్తే ఫురాత్ నదిలోనూ అలాంటి తెప్పమీదనే దిగాడు. ఆయన తిరిగిన దారుల్లో గ్రీకు వీరుడు జెనఫోన్ తర్వాత మరే యూరోపియనూ అడుగు పెట్టలేదని జీవిత చరిత్రకారులు పొగుడుతారు. సరే, మరి ఆ తెప్ప నడిపినదెవరు? సుడి ఎక్కడుందో, రాయి ఎక్కడుందో తరతరాలుగా ఎరిగిన స్థానికులే కదా! వారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

సంస్కరణలపై విమర్శ

రెండవ మహ్మూద్ సంస్కరణలను మోల్ట్కే మెచ్చుకోలేదు. సైనికుని దుస్తులు ఒక దేశానివి, ఆయుధాలు మరొక దేశానివి, కవాతు నియమాలు ఇంకొక దేశానివి, శిక్షకులు అన్ని దేశాలవారూ అని ఎత్తిపొడిచాడు. రష్యా చక్రవర్తి పీటర్‌తో సుల్తాన్‌ను పోల్చి, పీటర్ స్వయంగా పరదేశాలకు వెళ్ళి పని నేర్చుకొని వచ్చాడని, సుల్తాన్‌కు ఆ అవకాశం లేకపోయిందని అభిప్రాయపడ్డాడు. ఇందులో నిజం ఉంది. జుబ్బా తీసి కోటు తొడిగినంత మాత్రాన సైన్యం తయారుకాదు.

అయితే ఆ సుల్తాన్ ఎలాంటి పరిస్థితులలో సంస్కరణలు చేపట్టాడో కూడా చూడాలి. 1826 జూన్‌లో, రాజ్యాన్ని శాసించే స్థాయికి ఎదిగిన జానిసరీ దళాలను ఆయన రద్దు చేశాడు. కొత్త సైన్యం ఇంకా కళ్ళు తెరవకముందే, 1827లో నవారినో వద్ద యూరప్ నౌకలు ఆయన నౌకాదళాన్ని ముంచివేశాయి. 1828–29లో రష్యాతో యుద్ధం. 1830లో ఫ్రాన్స్ అల్జీర్స్‌ను ఆక్రమించింది. 1832 డిసెంబరులో కోన్యా వద్ద, తన ఈజిప్టు గవర్నరు ముహమ్మద్ అలీ పాషా సైన్యం చేతిలోనే పరాజయం. ఆ తర్వాత సిరియా కూడా చేజారింది. ఇల్లు కాలుతుండగా ఇల్లు కట్టుకోవలసి వచ్చిన మనిషిని, తీరికగా కట్టుకొన్నవారితో పోల్చడం సబబేనా?

నిజీబ్ యుద్ధం

పోయిన సిరియాను తిరిగి పొందాలన్న పట్టుదలతో సుల్తాన్ 1839లో సైన్యాన్ని దక్షిణానికి నడిపించాడు. సేనాపతి హాఫిజ్ పాషా. ఎదుట ముహమ్మద్ అలీ కుమారుడు ఇబ్రాహీం పాషా. ఫురాత్ నదికి పడమట, బీరజీక్ పట్టణానికి సమీపంలోని నిజీబ్ వద్ద రెండు సైన్యాలూ తారసిల్లాయి. ఇబ్రాహీం ఎదురుగా తలపడక, పక్కనుంచి చుట్టి రావడానికి కదిలాడు. ప్రమాదం గ్రహించిన మోల్ట్కే, బీరజీక్ వద్ద ముందే సిద్ధం చేసుకొన్న కందకాల స్థావరానికి వెనుదిరగాలని సలహా ఇచ్చాడు. అక్కడ నది వంపు సైన్యానికి వెనుకా పక్కలా రక్షణగా ఉంటుంది. హాఫిజ్ పాషా ఒప్పుకోలేదు. వెనుదిరగడం అవమానమన్నాడు. శిబిరంలోని ముల్లాలు కూడా ఆ పట్టుదలకే బలం చేకూర్చారు. మోల్ట్కే సలహాదారు బాధ్యత నుంచి తప్పుకొని, ఫిరంగి దళం వద్దకు వెళ్ళాడు. జూన్ 24న యుద్ధం కొద్ది గంటల్లోనే ముగిసింది. తుర్కీ సైన్యం చెల్లాచెదరయింది.

సైనిక శాస్త్ర దృష్టితో చూస్తే మోల్ట్కే సలహా సరైనదే కావచ్చు. హాఫిజ్ పాషా తప్పు చేశాడనే అనుకొందాం. ఆ ముల్లాలు తమకు తెలియని విషయంలో వేలు పెట్టారనీ ఒప్పుకొందాం. తెలిసినవారిని అడిగి పని చేయడం, సంప్రదింపు జరపడం మన ధర్మం నేర్పిన పద్ధతే. బద్ర్ యుద్ధంలో శిబిరం ఎక్కడ వేయాలన్న విషయంలో దైవప్రవక్త (స) ఒక అనుచరుని సలహా విని స్థలం మార్చిన ఉదంతం అందరికీ తెలిసినదే. కనుక యుద్ధ విద్య తెలిసినవాని మాట కాదనడానికి మతాన్ని అడ్డం పెట్టుకొన్నవారిని మనం వెనకేసుకు రానక్కరలేదు.

కాని ప్రశ్న అది కాదు. ఆ సైన్యం బీరజీక్‌లో నిలబడి ఉంటే గెలిచేదా? ఇక్కడే మోల్ట్కే లేఖలను మోల్ట్కే తీర్పుకు ఎదురుగా నిలబెట్టాలి.

ఆ సైన్యంలో అధిక భాగం కొత్తగా పట్టుకొచ్చినవారు. వారిలో చాలామంది కుర్దులు. ఏడాది క్రితం, 1838లో, అదే ప్రభుత్వ సైన్యం కుర్దు కొండలలో దండయాత్ర చేసింది. మోల్ట్కే అందులో స్వయంగా ఉన్నాడు. సయ్యద్ బేగ్ కోట ముట్టడిని, గ్రామాల దహనాన్ని, నిరాశ్రయులైన స్త్రీలను, పిల్లలను ఆయన చూశాడు, రాశాడు. నిర్బంధ సైనిక సేవ, పన్నుల భారం, ఈ రెండే ఆ ప్రజల తిరుగుబాటుకు మూలమని గుర్తించాడు. ఒకసారి సైన్యంలోకి లాగబడినవాడు ఎప్పుడు ఇంటికి చేరతాడో చెప్పలేని దుస్థితి. సేవాకాలం తగ్గించాలని ఆయన అభిప్రాయపడ్డాడు. శిబిరాలలో జబ్బులతో చచ్చేవారు కోకొల్లలు. పారిపోయేవారిని పట్టుకోవడానికి సైన్యం చుట్టూ సైన్యమే కాపలా. ఇవన్నీ ఏ ముస్లిం చరిత్రకారుడో కల్పించినవి కావు. ఆయన కలం నుంచి వచ్చినవే.

ఇల్లు కాల్చి, కాళ్ళూ చేతులూ కట్టి తెచ్చినవాని చేతికి తుపాకి ఇచ్చి, పోరాడమంటే ఎవరికోసం పోరాడతాడు? నిజీబ్ మైదానంలో ఆ సైనికులు అవకాశం దొరకగానే తమ కొండల దారి పట్టారు. కొందరు తమ అధికారులపైనే తుపాకులు ఎక్కుపెట్టారు. ఈ పరాజయం జూన్ 24న మొదలు కాలేదు. ఏడాది ముందు కుర్దు గ్రామాలలోనే మొదలయింది. దానికి ముల్లాల జోస్యం కారణం కాదు. పాలకుల జుల్మ్ కారణం. ఆ జుల్మ్‌కు సలహాదారుగా, పటాలు గీసినవానిగా మోల్ట్కే కూడా తోడుగా ఉన్నాడు. లేఖలలో ఈ బాధ్యతను ఆయన ఎక్కడా తనపై వేసుకోడు. జాలి ఉంది, జవాబుదారీతనం లేదు.

ఉలమాలపై నింద

ఇంకొక మాట. గెలిచిన సైన్యం ఎవరిది? అదీ ముస్లింల సైన్యమే. ఆ శిబిరంలోనూ అజాన్ వినిపించేది. ఇద్దరి ఖిబ్లా ఒక్కటే. మత విశ్వాసమే ఓటమికి కారణమైతే, ఇబ్రాహీం పాషా ఎలా గెలిచాడు? ముహమ్మద్ అలీ 1820 ప్రాంతం నుంచి సైన్యాన్ని ఓపికగా నిర్మించుకొన్నాడు. ఫ్రెంచి అధికారి సెవ్ ఇస్లాం స్వీకరించి సులైమాన్ పాషాగా ఆ సైన్యంలోనే జీవితం గడిపాడు. అక్కడా నిర్బంధ సేవ కఠినంగానే ఉండేది. సైన్యంలోకి పోకుండా ఉండటానికి ఈజిప్టు రైతులు తమ అంగాలనే నరుక్కొనేవారు. అయినా దాదాపు ఇరవై ఏళ్ళ అనుభవం, యుద్ధాలలో రాటుదేలిన అధికారులు ఆ సైన్యానికి ఉన్నారు. తేడా అక్కడుంది.

సంస్కరణలకు ఉలమాలు ఎప్పుడూ అడ్డుపడ్డారన్న మాట కూడా సగం నిజమే. 1826లో జానిసరీలను రద్దు చేసినప్పుడు సుల్తాన్ వెంట నిలిచి ఫత్వా ఇచ్చినవారు ఉన్నత ఉలమాలే. ప్లేగును గురించి రాస్తూ మోల్ట్కే తుర్కుల విధివిశ్వాసాన్ని ఎత్తిచూపాడు. కాని 1838లో క్వారంటైన్ ఏర్పాటు చేసినప్పుడు షేఖుల్ ఇస్లాం దానిని సమర్థించాడు. అంటువ్యాధి ఉన్న ఊరిలోకి పోవద్దని, ఉన్న ఊరినుంచి బయటికి రావద్దని ప్రవక్త (స) ఆదేశం ఉంది. సిరియాలో ప్లేగు ఉందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. చేతులు ముడుచుకొని కూర్చోవడం సామాన్యుల అలవాటు కావచ్చు. అది ధర్మం కాదు. చూసిన అలవాటును ధర్మంగా భావించడం ఈ పుస్తకంలోని పెద్ద లోపం.

తుర్కీ సైనికులు తన ఆజ్ఞలు పాటించేవారుగాని వందనం చేసేవారు కాదని మోల్ట్కే బాధపడ్డాడు. ఫిరంగీ అధికారిపై ఆ అపనమ్మకం కేవలం మతమౌఢ్యమేనా? దీనికి సమాధానం ఆయన తర్వాతి రచనలో ఉంది.

జెరూసలేం వ్యాసం

నిజీబ్ తర్వాత మోల్ట్కే నల్లసముద్రపు రేవు చేరుకొని, ఓడలో ఇస్తంబూల్‌కు వచ్చాడు. అప్పటికి సుల్తాన్ మహ్మూద్ లేడు. ఓటమి వార్త చెవిన పడకముందే జూలై 1న కన్నుమూశాడు. నౌకాదళాధిపతి నౌకలన్నింటినీ తీసుకొనిపోయి ముహమ్మద్ అలీకి అప్పగించాడు. మోల్ట్కే 1839 డిసెంబరులో బెర్లిన్ చేరాడు. నిజీబ్‌లో చూపిన ధైర్యానికి ప్రష్యా రాజు ఆయనకు గొప్ప సైనిక పతకం ప్రదానం చేశాడు.

1841లో, అంటే లేఖలు అచ్చయిన ఏడాదే, ఆగ్స్‌బర్గ్ నుంచి వెలువడే ప్రసిద్ధ జర్మన్ పత్రికలో ‘జర్మనీ, పాలస్తీనా’ అనే వ్యాసం రాశాడు. పాలస్తీనాలో ఒక జర్మన్ రాకుమారుని పాలన కింద ప్రత్యేక రాజ్యం నెలకొల్పాలన్నది అందులోని ప్రతిపాదన. గమనించండి. సిరియాను, దానితోపాటు జెరూసలేంను సుల్తాన్‌కు తిరిగి సంపాదించి పెట్టడానికి వెళ్ళిన సైన్యానికి ఈయన సలహాదారు. రెండేళ్ళు తిరగకముందే ఆ భూమినే సుల్తాన్ నుంచి వేరుచేయాలని సలహా ఇచ్చాడు. రెండు సలహాలూ ఆయన నిజాయితీగానే ఇచ్చి ఉండవచ్చు. మొదటిది కొలువు ఉద్యోగం, రెండవది స్వదేశ ప్రయోజనం. అయితే వందనం చేయని ఆ సాధారణ సైనికుడు ఏదో గ్రహించాడనే అనిపిస్తుంది. అద్దె తెచ్చుకొన్న బుద్ధి అవసరానికి ఆదుకోవచ్చు. కాని దాని యజమాని వేరు.

ముగింపు

1866 జూన్ 2న ప్రష్యా రాజు ఒక ఉత్తర్వు జారీ చేశాడు. జనరల్ స్టాఫ్ ఆజ్ఞలు ఇకపై నేరుగా సేనాధిపతులకే చేరాలన్నది దాని సారం. నిజీబ్‌లో మోల్ట్కేకు లేనివన్నీ అప్పుడు సమకూరాయి. గడువు తీరగానే ఇంటికి పోగల సైనికులు, చదువుకొన్న అధికారులు, రైలుమార్గాలు, తంతి సౌకర్యం, వీటన్నిటి వెనుక పనిచేసే ప్రభుత్వం. నెల తిరగగానే కోనిగ్రెట్జ్ విజయం లభించింది. అదే మనిషి, అదే బుద్ధి; ఒకచోట ఓటమి, ఒకచోట గెలుపు. విజయాన్ని తెచ్చినది ఒక్కని మేధ కాదు, దాని వెనుకనున్న వ్యవస్థ. ఈ సత్యాన్ని తుర్కులే 1843లో కొంతవరకు గుర్తించారు. సైనిక సేవను ఐదేళ్ళకు పరిమితం చేశారు.

మన పాఠకులలో రెండు రకాల వారున్నారు. పాశ్చాత్యుడు రాసినదంతా నిజమని నమ్మి, మన పతనానికి మన ధర్మమే కారణమని తలవంచుకొనేవారు ఒకరు. పాశ్చాత్యుడు రాసినదంతా కుట్ర అని పుస్తకం మూసేసేవారు మరొకరు. మోల్ట్కే లేఖలు ఇద్దరికీ గుణపాఠమే. ఆయన కళ్ళు నమ్మదగినవి, తీర్పు విచారించదగినది. మొదటివారు ఆయన తీర్పును మాత్రమే చదివి, సాక్ష్యాన్ని వదిలేశారు. రెండవవారు తీర్పు చూసి కోపగించుకొని, మనకు అత్యవసరమైన సాక్ష్యాన్ని పోగొట్టుకొన్నారు.

ఆ సాక్ష్యం మనకు చేదుగానే ఉంటుంది. నిజీబ్‌లో సల్తనత్‌ను ఓడించినది అతివిశ్వాసమూ కాదు, అవిశ్వాసమూ కాదు. తన ప్రజలనే శత్రువులుగా వేటాడి, వారినే సైనికులుగా నిలబెట్టిన అన్యాయం ఓడించింది. ముల్లాలను నిందించి ఈ సంగతిని కప్పిపుచ్చిన యూరప్ చరిత్రకారులను మనం విమర్శించవచ్చు. కాని యూరప్ కుట్రలను నిందించి మనం కూడా దానినే కప్పిపుచ్చితే, కట్టి తేబడిన ఆ కుర్దు యువకునికి ఇరుపక్షాలా అన్యాయమే జరిగినట్లవుతుంది. అతని గురించి నాలుగు వాక్యాలు రాసిపెట్టినందుకైనా ప్రష్యన్ కెప్టెన్‌కు మనం రుణపడి ఉన్నాం.